బావి మోటారు పీఠం: కోయంబత్తూరు, మదురై తెలుగు పల్లెల్లో పంపుసెట్టు ఎత్తు ఎంపిక

బావిలో మోటారును ఏ ఎత్తున కూర్చోబెట్టాలన్నది పంపుసెట్టు ఎంపికలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి. కొట్టుకు వెళ్ళినవాళ్ళు మాత్రం ముందుగా అడిగేది ఎన్ని హార్స్‌పవరని. నీటిమట్టానికి పంపు ఎంత పైన ఉంటుంది, ఏడాది పొడుగునా ఆ దూరం ఎంత మారుతుంది అని చూసుకోకుండా తెచ్చిన 5 హార్స్‌పవర్ మోటారు, చూసుకుని పెట్టిన 3 హార్స్‌పవర్ మోటారు కన్నా తక్కువ నీళ్ళు పోయడం వింతేమీ కాదు. తమిళనాట కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల కొన్ని వందల ఏళ్ళ కిందట స్థిరపడిన తెలుగువారి పల్లెల్లో ఈ సమస్యకు పెద్ద చరిత్రే ఉంది. అక్కడి బావులు తవ్వినవారిలోనూ, వాటికి తోలు బానలు కుట్టినవారిలోనూ, ఆ బావుల కోసం మోటార్లు పోతపోసినవారిలోనూ తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు.

చిన్న చేపల పడవకు వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారుదీ ఇదే చిక్కు. ఆ మోటారును పడవ వెనక చెక్కకు నేరుగా బిగించకుండా మధ్యలో జాక్ ప్లేట్ అనే లోహపు చట్రం పెట్టి, బోల్టులు మార్చో హైడ్రాలిక్ జాకీతోనో పైకీ కిందికీ జరుపుకుంటారు. మోటారు మరీ కిందికుంటే నీళ్ళలో మునిగిన దాని కాలే పడవను వెనక్కి పట్టి లాగుతుంది. మరీ పైకుంటే ప్రొపెల్లర్ గాలి మింగి ఊరికే గిర్రున తిరుగుతుంది, పడవ కదలదు. చట్రం మోటారును పడవకు 8 అంగుళాలు వెనక్కి జరిపితే సుమారు ఒక అంగుళం పైకెత్తవచ్చని పడవలవాళ్ళు ఒక మోటు లెక్క చెబుతారు, వెనక నీళ్ళు కొంచెం పైకి లేస్తాయి కాబట్టి. ఒడ్డుకు కొట్టే అలల మీదుగా ఇసుకలోకి వచ్చి ఆగే తూర్పు తీరపు పడవల కోసం, 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం అనే చేపల వేట పథకం ప్రొపెల్లర్‌ను పైకెత్తుకునే ఏర్పాటున్న డీజిల్ ఇంజన్లను పరీక్షించింది. లోతు తగ్గేచోట మోటారు పైకి లేవాలి, లేకపోతే ఇసుకకు తగిలి విరుగుతుంది.

కోయంబత్తూరుకు సముద్రం లేదు. మదురైలో తిరుమల నాయకుడు తవ్వించిన వండియూరు తెప్పకుళంలో ఏడాదికోసారి తెప్ప తేలుతుంది గాని, దాన్ని గట్టు మీద జనం తాళ్ళు పట్టి లాగుతారు. ఈ సీమలో నీటికీ మోటారుకూ మధ్య దూరం అనే లెక్క బావిలోకి దిగింది. సముద్రంలో పడవే లేస్తుంది, పడుతుంది. బావిలో మోటారు కూర్చున్నచోటే కూర్చుంటుంది, నీళ్ళు దాన్ని వదిలి దిగిపోతాయి.

నల్లరేగడి, నల్లరాయి

విజయనగర కాలంలోనూ, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736 దాకా సాగిన మదురై నాయకుల కాలంలోనూ తెలుగు దేశం నుంచి ఎన్నో కులాలవాళ్ళు దక్షిణానికి తరలిపోయారు. వడక్కు అంటే ఉత్తరం, అందుకని తమిళులు వారిని వడుగర్ అన్నారు. కమ్మవారు, బలిజలు, రాజకంబళత్తువారు, దేవాంగులు, వడ్డెర్లు, ఇంకా అనేకులు. నల్లరేగడి సేద్యం ఎరిగినవాళ్ళు కాబట్టి కమ్మవారు ఆ నేలలు దొరికినచోట ఎక్కువగా ఆగిపోయారని చెబుతారు. కోవిల్‌పట్టి దగ్గరి తెలుగు కుటుంబంలో పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలకు ఈ వలసే కథావస్తువు. కోయంబత్తూరు వైపు పీళమేడు, ఆవారంపాళయం, కలంగల్, వైయంపాళయం వంటి ఊళ్ళు, మదురై వైపు తిరుమంగళం, తేని ప్రాంతపు ఊళ్ళు ఇళ్ళలో తెలుగు, వీధిలో తమిళంగా నడిచాయి.

నేల మంచిదే, వానే తక్కువ. పడమటి కనుమల చాటున ఉన్న కోయంబత్తూరు మైదానంలో ఏడాదికి పడేది సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు, అందులో పెద్ద వాటా ఆశ్వయుజ, కార్తీకాల్లో పడిపోతుంది. నొయ్యల్ నది చిన్నది. మదురై వైపు వైగై పారకం కింద ఉన్నవారు కొంత అదృష్టవంతులు. 1895లో పూర్తయిన పెరియార్ ఆనకట్ట కొండ అవతలి నీటిని సొరంగం గుండా ఇటు తిప్పింది, 1959లో వైగై ఆనకట్ట వచ్చింది. కాలువ అందని మెరకలో మాత్రం రెండు జిల్లాలవాళ్ళకూ బావే దిక్కు.

ఆ బావి కోస్తాలోని వరల బావిలాంటిది కాదు. పైన కొన్ని అడుగులు మట్టి, కింద మొరం, ఆ కింద గట్టి రాయి. రాతిలో నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి, సన్నగా ఊరుతాయి. అందుకే బావిని గదంత కాదు, ఇల్లంత వెడల్పుగా తవ్వుతారు. రాత్రంతా ఊరిన నీళ్ళు నిలవ ఉండటానికి అది తొట్టి కూడా. పగలు తోడేస్తే మట్టం పడిపోతుంది, తెల్లవారేసరికి కొంత లేస్తుంది. రోజువారీ ఈ ఆటుపోటుకు తోడు రుతువుల ఆటుపోటు ఒకటి. మోటారు ఎత్తు లెక్క చేసేవాడు ఈ రెంటినీ లెక్కలోకి తీసుకోవాలి.

రాతిలోకి దిగి ఉలి, సుత్తి, తర్వాతి రోజుల్లో మందుగుండు పట్టి ఈ బావులు తవ్విన పనివాళ్ళలో వడ్డెర్లు ప్రధానులు. తమిళనాట ఒట్టర్, బోయర్ అన్న పేర్లతో పిలిచే వీరిలో చాలామంది ఇంటిభాష తెలుగే. మగవాళ్ళు రాయి పగలగొడితే ఆడవాళ్ళు తట్టల్లో పైకి మోసేవారు.

తాడు పొడుగు చేస్తే సరి

మోటారు రాకముందు ఈ బావుల మీద నడిచింది కపిల. తమిళులు కవలై అంటారు. ఎద్దుల జత ఏటవాలు బాట మీద దిగుతుంటే తోలు బాన పైకి వస్తుంది, బాన అడుగున ఉన్న తొండం తెరుచుకుని నీళ్ళు దొనలోకి పడతాయి. ఎద్దులు వెనక్కి నడిస్తే బాన మళ్ళీ దిగుతుంది. ఆ తోలు బానలు, తొండాలు కుట్టింది అరుంధతీయులు. కోయంబత్తూరు చుట్టూ ఉన్న కొంగునాట వీరిలోనూ తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎక్కువ. కపిల పోయినప్పుడు రైతుకు ఎద్దుల మేత ఖర్చు తగ్గింది. ఊరూరా బానలు కుట్టుకునే ఇళ్ళకు మాత్రం ఏడాది పొడుగునా ఉన్న పని పోయింది. పంపుల చరిత్ర చెప్పేవాళ్ళు ఈ రెండో సంగతి సాధారణంగా చెప్పరు.

ఈ వ్యాసానికి పనికొచ్చే గుణం కపిలలో ఒకటుంది. నీళ్ళు దిగితే తాడు పొడుగు చేస్తే సరిపోయేది. ఎద్దుల బాట ఇంకాస్త సాగాలి, అంతే. నీటితోపాటు బాన దిగేది. పంపు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది.

20వ శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ బావుల మీద ఆయిల్ ఇంజన్లు, సెంట్రిఫ్యూగల్ పంపులు పెట్టించే ప్రయత్నం గట్టిగా చేశాడు. అసలు మలుపు మాత్రం 1932లో నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్తు మొదలయ్యాక వచ్చింది. ఆ కరెంటుతో కోయంబత్తూరులో నూలు మిల్లులు వరసగా లేచాయి. మిల్లులకు మరమ్మతు చేసే పోతపని కొట్లు వాటి వెనకే వచ్చాయి, ఆ కొట్లు తీరిక వేళల్లో రైతుల పంపులు పోశాయి. పి. ఎస్. గోవిందస్వామి నాయుడి కొడుకులు 1926లో నెలకొల్పిన పీఎస్‌జీ అండ్ సన్స్ చారిటీస్ ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థను నడిపింది, 1951లో ఇంజనీరింగ్ కళాశాలను పెట్టింది. కలంగల్‌లో 1893లో పుట్టిన జి. డి. నాయుడు 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం మొదలుపెట్టి, తర్వాత యంత్రాల వైపు తిరిగాడు. దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పుకునేది 1937లో ఆయనా, తర్వాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించిన డి. బాలసుందరం నాయుడూ కలిసి చేసినదే. స్వాతంత్ర్యం తర్వాత టెక్స్‌మో, సీఆర్ఐ వంటి పంపుల కంపెనీలు వచ్చాయి. ఈ పరిశ్రమను కట్టినవాళ్ళు ఒక్క తెలుగువాళ్ళే కారు, కొంగు గౌండర్లూ ఇతరులూ సమానంగా ఉన్నారు. పొలంలో బావి ఉన్నవాడే ఊళ్ళో ఫౌండ్రీ పెట్టడం ఇక్కడి ప్రత్యేకత. తన మోటారు ఎందుకు కాలిందో తెలిసినవాడు మంచి మోటారు చేస్తాడు.

గాలి బరువు లెక్క

పంపు నీళ్ళను లాగుతుందని అందరూ అంటారు. నిజానికి లాగదు. పంపు లోపల ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం తిరిగి ఒత్తిడి తగ్గిస్తుంది, బావిలో నీటి మీద ఉన్న గాలి బరువు ఆ నీటిని పైపులోకి తోస్తుంది. సముద్రమట్టం దగ్గర గాలి బరువు 10.3 మీటర్ల నీటి స్తంభానికి సమానం. ప్రపంచంలో ఎంత గొప్ప పంపు తెచ్చినా, ఎన్ని హార్స్‌పవర్ల మోటారు తగిలించినా, సక్షన్ వైపు, అంటే బావి నీటి నుంచి పంపు దాకా, అంతకు మించి ఒక్క అంగుళం ఎక్కదు.

ఆ 10.3 కూడా పూర్తిగా చేతికి రాదు. కోయంబత్తూరు సముద్రమట్టానికి సుమారు 411 మీటర్ల ఎత్తున ఉంది, దానికి దాదాపు అర మీటరు తీసేయాలి. మదురై పల్లంలో ఉంది కాబట్టి అక్కడ తరుగు బెత్తెడు కన్నా కొంచెం ఎక్కువ. వేసవిలో 30 డిగ్రీల నీరు ఆవిరయ్యే గుణానికి ఇంకో 0.4 మీటరు. సక్షన్ పైపు అడుగున బిగించే ఫుట్‌వాల్వ్, వంపు, పైపు గోడల రాపిడి కలిపి ఒక మీటరు అనుకుందాం. పంపు నోటి దగ్గర నీళ్ళు బుడగలు కట్టకుండా ఉండటానికి పంపే కోరుకునే ఒత్తిడి 2 నుంచి 3 మీటర్లు. ఇవన్నీ పోగా మిగిలేది 6 మీటర్లు, అంటే 20 అడుగులు. జాగ్రత్తపరులు 4, 5 మీటర్ల దగ్గరే ఆగుతారు.

ఆ హద్దు దాటితే పంపు ఒక్కసారిగా ఆగిపోదు. అందుకే జనం మోసపోతారు. నీళ్ళు కాస్త తగ్గుతాయి, పంపులోంచి గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఒత్తిడి తగ్గిన చోట పుట్టిన ఆవిరి బుడగలు ఇంపెల్లర్ మీద చిట్లుతున్న చప్పుడది. కొన్నాళ్ళకు విప్పి చూస్తే ఇంపెల్లర్ రెక్కలు చీమలు తిన్నట్టు గుంటలు పడి ఉంటాయి. రైతు పోత బాగాలేదని ఫౌండ్రీని తిడతాడు. తప్పు చాలాసార్లు పోతలో ఉండదు, పీఠంలో ఉంటుంది.

ఫుట్‌వాల్వ్ మీద చాలినంత నీళ్ళు లేకపోతే ఇంకో రకం ఇబ్బంది. పైన సుడి తిరిగి గాలి లోపలికి పోతుంది. పంపు గాలి లాగుతోంది అంటారే, అది. పడవ ప్రొపెల్లర్ పైకి లేచినప్పుడు జరిగేదీ ఇదే. బుడగలు చిట్లడం వేరు, గాలి లాగడం వేరు. మొదటిదానికి పీఠం కిందికి దించాలి, రెండోదానికి ఫుట్‌వాల్వ్ కిందికి దించాలి. గాలి ఇంకో దారిన కూడా వస్తుంది. సక్షన్ పైపు కీలు వదులైనా, పెద్ద పైపును పంపు నోటికి కలిపేచోట పైభాగం చదునుగా లేక గూడులా ఉన్నా, అక్కడ గాలి గూడు కట్టుకుంటుంది. ఆ కలిపే ముక్కను చదునైన వైపు పైకి వచ్చేలా బిగించాలి. ఇది ఫిట్టరు చేతిలో ఒక్క నిమిషం పని, చాలాచోట్ల తలకిందులుగా ఉంటుంది.

ఒక అపోహను ఇక్కడే తీర్చాలి. మోటారును కిందికి దించితే దానికి బరువు తగ్గుతుందని, కరెంటు కలిసి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నీటిమట్టం నుంచి పొలం దొన దాకా ఉన్న ఎత్తు మోటారు ఎక్కడున్నా అంతే. మోటారు కిందికి దిగితే సక్షన్ ఎత్తు తగ్గి డెలివరీ ఎత్తు పెరుగుతుంది, మొత్తం మారదు. దించడంవల్ల లాభం పంపు ఆరోగ్యంగా, నిండుగా నీళ్ళు తీసుకోవడమే. కరెంటు మిగలాలంటే చూడవలసింది పైపును. సెకనుకు 5 లీటర్లు పోవాలంటే 50 మిల్లీమీటర్ల పైపులో నీళ్ళు సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో పరుగెత్తాలి, 65 మిల్లీమీటర్ల పైపులో ఒకటిన్నర మీటరు చాలు. రాపిడి మూడో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. పాత ఇనప పైపు తీసి నున్నటి పీవీసీ పైపు, నీళ్ళు సులువుగా పోనిచ్చే ఫుట్‌వాల్వ్ వేస్తే మోటారు మార్చకుండానే తేడా కనిపిస్తుంది. వ్యవసాయ పంపుల ఫుట్‌వాల్వ్‌లకు భారత ప్రమాణం ఐఎస్ 10805 ఉంది. అయినా కొట్లో ఫుట్‌వాల్వ్‌ను బేరం చివర్లో కొసరుగా తీసుకునే వస్తువుగానే చూస్తారు.

నిండు బావిలో కాలే మోటారు

ఎండాకాలంలో నీళ్ళు అందక పంపు ఇబ్బంది పడుతుందన్నది ఎవరికైనా తోస్తుంది. కార్తీక మాసంలో బావి నిండినప్పుడు మోటార్లు ఎందుకు కాలతాయన్నదే అసలు తెలుసుకోవలసింది.

దానికి రెండు కారణాలు. ఒకటి కంటికి కనిపించేదే. వైశాఖంలో నీటి వెంట కిందికి దించిన మోటారు, ఒక్క రాత్రి పెద్ద వానకు మునిగిపోతుంది. పంపూ మోటారూ ఒకే దిమ్మగా ఉండే మామూలు మోనోబ్లాక్ వైండింగు తడిస్తే, ఆరబెట్టకుండా స్టార్టర్ నొక్కితే, అంతే. రెండోది కనిపించనిది. సెంట్రిఫ్యూగల్ పంపు మీద ఎత్తు తగ్గితే అది ఎక్కువ నీళ్ళు పోస్తుంది, ఎక్కువ నీళ్ళు పోసేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. 25 మీటర్ల ఎత్తుకు కొన్న పంపు నిండు బావిలో 8 మీటర్లు ఎత్తితే చాలు అన్నప్పుడు, రైతు మురిసిపోయేలా పోస్తూ పోస్తూ కాలిపోతుంది. తెలిసినవాళ్ళు ఆ రోజుల్లో డెలివరీ వాల్వ్ కొంచెం మూసి నడుపుతారు. చూసేవాళ్ళకు అది పిచ్చిపనిగా ఉంటుంది, మోటారుకు ప్రాణభిక్ష. మోనోబ్లాక్‌లకు వర్తించే ఐఎస్ 9079 ప్రమాణం ప్రకారం పంపు ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తు వరకు పనిచేస్తుందో పలక మీద ఉంటుంది. కొనేటప్పుడు ఒక్క అంకె కాదు, ఆ రెండు అంకెలూ చూడాలి. బావిలో వేసవి మట్టం, వానాకాలం మట్టం రెండూ ఆ రెండంకెల మధ్య పడాలి.

వోల్టేజి మూడో దొంగ. మూడు ఫేజుల 415 వోల్టులు సాయంత్రానికి 350కి పడితే మోటారు తిప్పుడు బలం సుమారు 30 శాతం తగ్గిపోతుంది, తీగల్లో కరెంటు పెరుగుతుంది. ఫ్యూజు బదులు లావు తీగ చుట్టేవాళ్ళకు ఈ లెక్క ఎవరూ చెప్పరు, చెప్పినా తెల్లవారేలోగా మడి తడవాలన్న తొందర గెలుస్తుంది.

పీఠం రకాలు

వేసవిలో నీళ్ళు నేలకు 18 మీటర్ల దిగువన, వానల తర్వాత 4 మీటర్ల దిగువన ఉండే బావిని తీసుకుందాం. తేడా 14 మీటర్లు. పంపు తట్టుకునే సక్షన్ ఎత్తు 6. ఒకే పీఠం ఏడాదంతా పనిచేయడం అసాధ్యమని కూడికలు తెలిసిన పిల్లవాడైనా చెబుతాడు. అందుకే బావిలో మోటారు కదలాలి. జాక్ ప్లేట్ పడవలో అంగుళాల్లో చేసే పనిని ఇక్కడ మీటర్లలో చేయాలి.

అన్నిటికన్నా పాతదీ గట్టిదీ రాతి గోడలోనే తొలిచిన అర. నీళ్ళు దిగినప్పుడల్లా ఒక అర కిందికి తొలుస్తారు. ఇలా ఒకే బావిలో రెండు మూడు అరలున్నచోట పై అర వానాకాలానికి, కింది అర వేసవికి. రాయి కదలదు, మోటారు అదరదు, పంపుకూ మోటారుకూ వరస చెడదు. మార్చడానికి మనుషులు దిగాలి, అదొక్కటే కష్టం. బావి అడ్డంగా ఇనప దూలాలు వేసి వాటి మీద చట్రం బిగించడం రెండో పద్ధతి. చవక, కానీ దూలం వంగితే అదురు మొదలై పంపు ఇరుసు చుట్టూ ఉండే గ్లాండు దగ్గర నీళ్ళు కారతాయి. బావి మీద మూడు కాళ్ళ ఇనప మంచె వేసి చైన్ కప్పీతో మోటారును చట్రంతో సహా వేలాడదీయడం మూడోది. దించడం ఎత్తడం సులువు, కాని వేలాడే మోటారు మొదలుపెట్టగానే ఒక్క ఊపు ఊగుతుంది, పైపు కీళ్ళు వదులవుతాయి. ఏటవాలు పట్టాల మీద చక్రాల బండిలో మోటారును నడిపే ఏర్పాటు కూడా ఉంది. వెడల్పు గట్టి బావికి, డబ్బున్న రైతుకు అది తగును.

ఒక మాట చెప్పుకోవాలి. బావి తన సొంతమై, గోడ గట్టి రాయి అయితే, పెద్ద మోటారుకు పెట్టే డబ్బులో సగం రెండో అర తొలిపించడానికి పెట్టడం మేలు. మొరం గోడ అయితే ఆ ఊసే ఎత్తకూడదు, దూలాలే దిక్కు. పీఠం ఏదైనా, దాని కింద నాలుగు మూలలూ సమంగా ఉన్నాయా అని నీటి గొట్టంతో చూసుకోవాలి. వంకర పీఠం మీద బేరింగులు ముందు పోతాయి, వాటి వెనక వైండింగు పోతుంది.

నీళ్ళలోకే దిగిన మోటారు

ఈ తలనొప్పినంతా ఒక్క దెబ్బకు తీర్చడానికి వచ్చింది ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్. లోపల నీళ్ళు నింపిన మోటారు, నీళ్ళకు చెడని పొర చుట్టిన రాగి తీగ, అడ్డంగా బావి అడుగున పడుకుంటుంది. దీనికి సక్షన్ ఎత్తు లేదు, ఫుట్‌వాల్వ్ లేదు, నీళ్ళు పోసి ఎక్కించడం లేదు. మునగడమే దాని పని కాబట్టి మునుగుతుందన్న భయం లేదు. దీనికి ఐఎస్ 14220 ప్రమాణం. కోయంబత్తూరు కొట్లలో బావులకు ఇప్పుడు ఎక్కువగా అడిగేది ఇదే.

అయితే ఎత్తు లెక్క పూర్తిగా పోయిందనుకుంటే పొరపాటు. బావి అడుగున బురద ఉంటుంది. మోటారు బురదలో కూరుకుంటే చల్లబడదు, ఇసుక మింగుతుంది. అడుగుకు ఒకటి రెండు అడుగుల పైన రాతి దిమ్మె మీద పెట్టాలి, లేదా తాడుతో ఆపాలి. మీద నీళ్ళు తరిగి గాలిలో నడిస్తే నిమిషాల్లో చెడుతుంది. నీళ్ళలో తిరిగే రోటరుకు రాపిడి ఎక్కువ కాబట్టి అదే పరిమాణపు మంచి మోనోబ్లాక్ కన్నా కరెంటు కొంచెం ఎక్కువ తాగడం సాధారణం. వైండింగు పోతే చుట్టే మనిషి కూడా అంత సులువుగా దొరకడు.

బావి కూడా ఎండినచోట బోర్లు వచ్చాయి. ముందు బావి అడుగునే నిలువు బోరు, గోడల్లో అడ్డంగా పక్క బోర్లు వేశారు, రాతి పగుళ్ళను వెతుక్కుంటూ. తర్వాత పొలంలోనే వెయ్యి అడుగులు దాటిన బోర్లు. సన్నగా ఊరే బోర్లలో గాలి కొట్టి నీళ్ళను పైకి తెచ్చే కంప్రెసర్ పద్ధతి కొంగునాట బాగా వాడారు. కరెంటు లెక్కన అది దుబారాయే గాని, నీళ్ళు ఆగి ఆగి వచ్చినా దానిలో చెడేదేమీ బోరులో ఉండదు. లోతు బోర్లకు అంచెలంచెల సబ్‌మెర్సిబుల్, దానికి ఐఎస్ 8034. బోరులోనూ మోటారును అడుగుకంటా దించకూడదు, నీటి పగులు ఎక్కడుందో చూసి దాని చుట్టూ నీళ్ళు ప్రవహించేచోట ఆపాలి.

పైసా గొడవ

మోటారు ఎంపిక మీద కరెంటు ధర ప్రభావం ఇంజనీరింగు పుస్తకాల్లో కనిపించదు. కోయంబత్తూరులో దాన్ని తప్పించుకోలేం. వైయంపాళయానికి చెందిన తెలుగు రైతు సి. నారాయణస్వామి నాయుడు (1925-1984) 1970లో వ్యవసాయ కరెంటు ధర యూనిట్‌కు పెంచిన పైసల మీద రైతులను కూడగట్టాడు. ఆ ఏడాది జూన్‌లో పెరుమానల్లూరులో పోలీసు కాల్పుల్లో రైతులు చనిపోయారు. 1972లో రైతులు ఎద్దుబండ్లతో కోయంబత్తూరు వీధులను నింపేశారు. కపిలల నుంచి విప్పిన ఎద్దులు మోటారు కరెంటు కోసం ఊరికి రావడంలో ఉన్న వింత అప్పటివాళ్ళకు తట్టిందో లేదో. 1984లో చిన్న రైతులకు, 1990 ప్రాంతంలో రైతులందరికీ తమిళనాడులో వ్యవసాయ విద్యుత్తు ఉచితమైంది.

ఆ గెలుపు న్యాయమైనదే. దానితో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. యూనిట్లు లెక్కపెట్టే అవసరం పోయాక పీఠం ఎత్తు, పైపు లావు, ఫుట్‌వాల్వ్ ఇవన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. నీళ్ళు తగ్గితే పీఠం దించే బదులు మోటారు పెంచారు. అందరూ పెంచితే మట్టం ఇంకా దిగింది. కోయంబత్తూరు ఇంజనీరింగు పరిశ్రమల సంఘం వెనక నిలబడి నెలకొల్పిన సీటార్క్ వంటి పరీక్షా కేంద్రాల్లో పంపులను తూచి చూస్తారు. అక్కడ మంచి మార్కులు తెచ్చుకున్న పంపు పొలంలో తప్పు ఎత్తున కూర్చుంటే ఆ మార్కులు బావిలోకి దిగవు.

కొనబోయేవాడు కొట్టుకు వెళ్ళేముందు చేయాల్సింది చిన్న పనే. తాడుకు రాయి కట్టి, వైశాఖం చివర ఒకసారి, కార్తీకంలో ఒకసారి బావి మట్టం కొలిచి గోడ మీద గీత గీయాలి. పగలంతా తోడాక ఎంత దిగిందో, తెల్లవారికి ఎంత లేచిందో రెండు మూడు రోజులు చూడాలి. పొలంలో దొన ఎంత ఎత్తున ఉందో కలపాలి. సెకనుకు 5 లీటర్లు, మొత్తం 20 మీటర్ల ఎత్తు అయితే నీటికి చేరాల్సిన బలం ఒక కిలోవాట్‌కు కాస్త తక్కువ. పంపు, మోటారు, పైపు నష్టాలన్నీ కలిపి సగానికి పైగా పోయినా 3 హార్స్‌పవర్ సరిపోతుంది. ఈ అంకెలు చీటీ మీద రాసుకుని వెళ్ళినవాడికి కొట్లోవాడు 5 హార్స్‌పవర్ అంటగట్టలేడు.

కోయంబత్తూరు చుట్టుపక్కల పాత బావుల గట్టు మీద కపిల గిలకలు మోసిన రాతి స్తంభాలు ఇప్పటికీ కనిపిస్తాయి. తొలి మోటారు కూర్చున్న అర గోడలో వాటికి కొంచెం దిగువన ఉంటుంది, రెండోది దానికి చాలా దిగువన. చైన్ కప్పీ తగిలించడానికి ఆ స్తంభాలే బాగా పనికొస్తాయి.